వీధి నుంచి తెచ్చిన కుక్క కంచం ముట్టడం లేదా? భయం పోగొట్టి తినేలా చేయడం ఎలా

హైవే పక్కన దెబ్బ తగిలి పడున్న కుక్కనో, ఎవరో వదిలేసి పోయిన కుక్కనో చూసి మనసొప్పక ఇంటికి తెచ్చుకుంటాం. నెల్లూరైనా ఒంగోలైనా గడప తొక్కిన మనిషిని మనం మొదట అడిగే మాట "అన్నం తిన్నారా" అనే. కుక్కకీ అదే మర్యాద చేస్తాం. కంచం నిండా కోడికూర కలిపిన అన్నం పెట్టి, ఎదురుగా గొంతుక్కూచుని, "తిను నాయనా, రొవ్వంత తిను" అని బతిమాలతాం. అది మంచం కింద నుంచి కదలదు. సాయంత్రానికి పక్కింటి వాళ్ళు కూడా తలుపులో నిలబడి "ఏందబ్బా, ఇంకా తినలేదా?" అని తొంగి చూస్తుంటారు.

కుక్క తినకపోవడానికి సగం కారణం ఈ హడావుడే. భయం పట్టిన ఒంట్లో అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లు పెరిగి జీర్ణాశయం పని మందగిస్తుంది. పైగా తినాలంటే తల దించాలి, తల దించితే చుట్టూ ఎవరున్నారో కనపడదు. మీదికి ఎవరొస్తారో తెలియని చోట ఏ జంతువూ అంత సాహసం చేయదు. కొసరి కొసరి వడ్డించడం మనుషుల దగ్గర మర్యాదేగానీ, దానికి మాత్రం ఎవరో అడ్డంగా కూర్చుని కదలనివ్వనట్టే ఉంటుంది. కాబట్టి కింద చెప్పే పనుల్లో ఎక్కువ భాగం మనం ఏం చేయకూడదనే దాని గురించే.

1. భయమా, జబ్బా? ముందు అది తేల్చుకోండి

మూలన ముడుచుకుని పడుకుంది కాబట్టి భయపడుతోందని మనంతట మనం తీర్మానించుకోకూడదు. వీధి కుక్కల్లో పిడుదుల వల్ల వచ్చే ఎర్లీకియా, బబీసియా లాంటి జ్వరాలు మామూలే. అవి పట్టిన కుక్క కూడా అచ్చం ఇలాగే కంచం వైపు చూడదు. అది దగ్గరికి రానిస్తే పై పెదవి కాస్త ఎత్తి చిగుళ్ళు చూడండి. గులాబీ రంగులో తడిగా ఉంటే మంచిదే. తెల్లగా పాలిపోయి ఉన్నా, జిగటగా ఎండిపోయి ఉన్నా డాక్టరు దగ్గరికి తీసుకుపోవాల్సిందే. చెవుల లోపల, వేళ్ళ సందుల్లో పిడుదులున్నాయేమో కూడా చూడండి. పన్ను విరిగినా, నోట్లో పుండున్నా తినాలని ఉండి కూడా తినలేదు. అలాంటిది కంచం దాకా వచ్చి, వాసన చూసి, వెనక్కి పోతుంది. భయపడే కుక్క చాలాసార్లు కంచం దాకానే రాదు.

పెద్ద కుక్క నీళ్ళు తాగుతూ, లేచి తిరుగుతూ ఉంటే ఒకటి రెండు రోజులు తినకపోయినా ప్రాణం మీదికి రాదు. 48 గంటలు దాటితే మాత్రం చూపించండి. కుక్కపిల్లలకి అంత గడువు ఇవ్వొద్దు. రెండు మూడు నెలల పిల్ల పూటంతా తినకపోతే రక్తంలో చక్కెర పడిపోయి వణకొచ్చు, తూలొచ్చు. అలాంటప్పుడు చిగుళ్ళకి కాస్త గ్లూకోజు నీళ్ళో తేనో రాసి వెంటనే బయల్దేరాలి. వాంతులు, నెత్తురు కలిసిన విరేచనాలు ఉంటే అది పార్వో అనే ప్రాణాంతకమైన వైరస్ జబ్బు కావచ్చు. తెల్లారేదాకా ఆగే పని కాదు.

ఇంకొకటి కచ్చితంగా గుర్తు పెట్టుకోండి. దవడ జారిపోయి, చొంగ కారుతూ, నీళ్ళు కూడా మింగలేక, అరుపు మారిపోయిన కుక్కని చూసి గొంతులో ఎముక ఇరుక్కుందేమోనని నోట్లో చెయ్యి పెట్టొద్దు. అది రేబిస్ కావచ్చు. దాన్ని ఒంటరిగా ఉంచి, తలుపు వేసి, పశువుల డాక్టరుకి చెప్పండి. ఏ కుక్క కరిచినా, గోరు గీరుకున్నా పారే నీళ్ళ కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. ప్రభుత్వాసుపత్రుల్లో మనుషులకి వేసే రేబిస్ టీకా ఉచితం. కుక్కకైతే మూడు నెలల వయసు దాటగానే రేబిస్ టీకా వేయించాలి. ఏటా జూలై 6న, జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకి సోకే జబ్బుల) దినం నాడు, పశువైద్యశాలల్లో ఉచితంగా వేస్తారు. కానీ ఆ రోజు కోసం నెలలు ఆగొద్దు.

2. దానికంటూ ఒక మూల

వరండాలో, దారికి అడ్డంగా కంచం పెడితే తినదు. వీపు గోడకి ఆనించుకుని తలుపు వైపు చూడగలిగే చోటు కావాలి. అది తనంతట తాను ఎంచుకున్న చోటైతే ఇంకా మంచిది. మంచం కింద దూరిందా? అదే దాని గది అనుకోండి. అక్కడే పాత దుప్పటో గోనెసంచో పరవండి, బయటికి లాగొద్దు.

మన ఇళ్ళల్లో చప్పుళ్ళు మనకి వినపడవుగానీ దానికి అన్నీ వినపడతాయి. కుక్కర్ కూత, మిక్సీ, గేటు తీసిన చప్పుడు, ట్రంకు రోడ్డు దగ్గరి ఇళ్ళల్లో అయితే బస్సుల హారన్లు. వీధిలో బతికిన కుక్కకి హారన్ కొత్త కాదు. నాలుగు గోడల మధ్య తల మీద తిరిగే ఫ్యాను మాత్రం కొత్తే. మొదటి రోజుల్లో దాని గదిలో ఫ్యాను నెమ్మదిగా తిప్పి, టీవీ గొంతు తగ్గించండి.

ఒళ్ళంతా మురికిగా ఉందని తెచ్చిన రోజే స్నానం చేయించడం చాలామంది చేసే పని. దయచేసి వద్దు. పట్టుకుని నీళ్ళు పోసిన చేతులే కంచం పెడితే ఆ కంచాన్ని నమ్మడానికి ఇంకో వారం పడుతుంది. ఆ మురికితో ఒక వారం ఉంటే కొంపలేమీ మునగవు.

3. ఏం పెట్టాలి

ముందు విచారించండి. అది ఎక్కడ దొరికిందో అక్కడి టీ బంకులో, చికెన్ కొట్లో అడిగితే ఏం తిని బతికిందో చెప్తారు. టీ బంకు బిస్కెట్లూ మెస్సు వాళ్ళు పారేసే అన్నమూ తిని పెరిగిన కుక్క ముందు ఖరీదైన డాగ్ ఫుడ్ గుళికలు పోస్తే వాటిని గులకరాళ్ళలా చూస్తుంది. దానికి అవి తిండని తెలియదు. అలవాటైన దానితోనే మొదలుపెట్టి, కుదురుకున్నాక వారం పది రోజుల్లో కొంచెం కొంచెంగా కొత్తది కలుపుతూ మార్చుకోవచ్చు.

భయపడే కుక్కని వాసనే ముందుకు లాగుతుంది. ఈ చారు చేసి చూడండి: అరకిలో కోడి మెడలు లేదా కాళ్ళు, లీటరు నీళ్ళు. ఉప్పు, కారం, పసుపు ఏమీ వద్దు. ఉల్లి, వెల్లుల్లి అసలు వద్దు, అవి కుక్కల ఎర్రరక్తకణాల్ని దెబ్బతీస్తాయి. కుక్కర్‌లో కాకుండా మామూలు గిన్నెలో సన్నటి మంట మీద ముప్పావుగంట ఉడికించండి. ఆ కూతకి మంచం కింద ఇంకాస్త లోపలికి జరుగుతుంది కాబట్టి చెప్తున్నాను. చల్లారాక పైన తేలిన కొవ్వు తీసేసి, వడగట్టి, ఎముకలన్నీ పారేయండి. ఉడికిన ఎముక పెళుసెక్కి సూదుల్లా చీలుతుంది. మెత్తగా ఉడికించిన అన్నం రెండు పాళ్ళు, ఎముకల్లేని మాంసం ఒక పాలు, మీద ఈ చారు. గోరువెచ్చగా ఉండాలి, మణికట్టు మీద ఒక చుక్క వేసుకుంటే తెలుస్తుంది. వేడి తగిలితేనే వాసన లేస్తుంది, ఫ్రిజ్‌లోంచి తీసిన ముద్ద పక్కనే పెట్టినా దానికి పట్టదు. ఉడికించిన కార్జం ముక్క ఒకటి చిదిమి కలిపితే చాలా కుక్కలు ఆగలేవు. అయితే ఒకటే, రోజూ గుప్పెళ్ళు పెట్టకూడదు.

నెల్లూరు వాళ్ళం కాబట్టి చేపల పులుసు ముక్క పెట్టాలనే అనిపిస్తుంది. వద్దు. కారం, వెల్లుల్లి, చింతపండు మూడూ దానికి పడనివే, పైగా ముల్లు. చేపే పెట్టాలనుకుంటే శీలావతో బొచ్చో ఉత్త నీళ్ళలో ఉడికించి, ముద్దని వేళ్ళ మధ్య నలుపుతూ ఒక్కో ముల్లూ తీసేయండి. ఉప్పు పట్టని ఎండు నెత్తళ్ళు నాలుగు నానబెట్టి, కడిగి, ఉడికించి అన్నంలో నలిపినా గది దాటి వాసన వస్తుంది. పాలు చాలా కుక్కలకి అరగవు. ఉప్పు లేని పలుచటి మజ్జిగ, కాస్త పెరుగన్నం మేలు. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ విషం.

బక్కచిక్కి ఎముకలు కనపడే కుక్కకి ఒకేసారి కడుపునిండా పెట్టొద్దు. చాలా రోజులు పస్తులున్న ఒంటికి హఠాత్తుగా తిండి పడితే రక్తంలో లవణాలు తారుమారై ప్రాణానికే ముప్పు రావచ్చు. గుప్పెడు చొప్పున రోజుకి నాలుగైదు సార్లు పెట్టి, డాక్టరు చెప్పినట్టు పెంచుకుంటూ పోవాలి.

4. కంచం సంగతి

స్టీలు పళ్ళెం నేల మీద జారి గీరుకుంటుంది, మెరుస్తుంది, మెడలో బిళ్ళ ఉంటే తగిలి టంగుమంటుంది. పిరికి కుక్కకి ఇదొక్కటి చాలు వెనక్కి పోవడానికి. మట్టి మూకుడో, విస్తరాకు ముక్కో వాడండి. కొన్నిటికి నేల మీద ముద్ద పెడితేనే ధైర్యం.

చీమల గురించి ఎవరూ చెప్పరుగానీ మన ఊళ్ళల్లో పది నిమిషాలు చాలు, కంచం నల్లగా మారిపోతుంది. చీమ మూతికి కరిచిన కుక్క ఆ కంచం జోలికి మళ్ళీ రాదు. వెడల్పాటి తాంబాళంలో అంగుళం ఎత్తు నీళ్ళు పోసి, మధ్యలో మూకుడు పెట్టండి. మంచినీళ్ళ గిన్నె మాత్రం వేరుగా, కాస్త దూరంగా, ఇరవైనాలుగు గంటలూ ఉండాలి.

5. పెట్టి, వెళ్ళిపోండి

అన్నిటికంటే కష్టమైనది ఇదే. కంచం పెట్టాక తిరిగి చూడకుండా గది దాటి పోవాలి. తలుపు సందులోంచి చూడటం కూడా వద్దు, మీరక్కడున్నట్టు దానికి తెలుసు. ఇరవై నిమిషాల తర్వాత వచ్చి, తినకపోతే మాట్లాడకుండా తీసేయండి. వేసవిలో తడి అన్నం త్వరగా పులుస్తుంది కాబట్టి పగలు ఎలాగూ ఎక్కువసేపు ఉంచకూడదు. మళ్ళీ మూడు నాలుగు గంటల తర్వాత తాజాగా పెట్టండి.

మొదటి రోజుల్లో చాలా కుక్కలు ఇల్లంతా పడుకున్నాక, అర్ధరాత్రి దాటాక తింటాయి. అదీ తినడమే, సంతోషించండి. పడుకోబోయే ముందు పెట్టే కంచానికి మాత్రం ఇరవై నిమిషాల లెక్క వద్దు, తెల్లారి ఎంత మిగిలిందో ఫోన్‌లో ఫొటో తీసుకుని మిగిలింది పారేయండి. డాక్టరు దగ్గర "అసలేం తినట్లేదండీ" అనడం కన్నా ఆ ఫొటోలు ఎక్కువ పనికొస్తాయి. కాస్త నమ్మకం కుదిరాక ఆ వేళని రోజుకో అరగంట ముందుకు జరుపుకుంటూ సాయంత్రానికి తీసుకురావచ్చు.

6. దూరం దాని ఇష్టం

రాత్రిపూట తినడం అలవాటయ్యాక మీరు గదిలో ఉండటం మొదలుపెట్టండి. గుమ్మం దగ్గర, పక్కకి తిరిగి నేల మీద కూర్చుని, పేపరో ఫోనో చూసుకుంటూ ఉండాలి. కళ్ళలోకి చూడొద్దు, మీదికి వంగొద్దు. అది ఆవలించడం, ఏమీ తినకుండానే మూతి నాక్కోవడం, తల పక్కకి తిప్పి కంటి తెల్లగుడ్డుతో చూడటం నిద్రమత్తు గుర్తులు కావు. ఇంకాస్త దూరం జరగమని అడుగుతోంది, జరగండి.

చేత్తో ముక్క చూపించి దగ్గరికి రప్పించడం అందరికీ తట్టే ఉపాయం. దాంట్లో ఒక ఇబ్బంది ఉంది. నెల్లూరు వేదాయపాళెంలో మా ఇంటికొచ్చిన ఎర్రటి ఆడకుక్క అలాగే వచ్చేది. వెనక కాళ్ళు ఉన్నచోటే నాటుకుని, ఒళ్ళంతా రబ్బరులా సాగి, మెడ ఒక్కటే ముందుకొచ్చేది. ముందు పళ్ళ చివర్లతో ముక్క అందుకుని మంచం కిందికి ఒక్క దూకు. అలా తిన్నది నమ్మకంతో తిన్నట్టు కాదు. ముక్క నోట్లో పడగానే, మనిషి ఇంత దగ్గరున్నాడా అని మళ్ళీ ఉలిక్కిపడుతుంది. కాబట్టి ముక్కని మీకూ దానికీ మధ్యలో వేయకండి, దాని వెనక్కి వేయండి. అది వెనక్కి తిరిగి, దూరంగా పోయి తింటుంది, తిన్నాక తనే మీ వైపు రెండడుగులు వేస్తుంది. మళ్ళీ వెనక్కే వేయండి. ఇలా ఆడగా ఆడగా ముందుకొచ్చే దూరం పెరుగుతుంది. వెనక కాళ్ళు కూడా నడిచి వచ్చిన రోజున అరచెయ్యి నేలకి ఆనించి తెరిచి పెట్టండి. ఆ రోజు కూడా తల నిమరొద్దు, వాసన చూసి పోనివ్వండి.

ఇంట్లో ముందునుంచీ నెమ్మదస్తురాలైన కుక్క ఉంటే, పది అడుగుల దూరంలో అది తింటుంటే చూసి కొత్తది ధైర్యం తెచ్చుకోవచ్చు. కంచాల మీద గుర్రుమనే రకమైతే వేరే గదిలోనే పెట్టాలి.

7. ఎండ, వాన, టపాసులు

మే నెలలో నెల్లూరు, ప్రకాశం జిల్లాలు రెండిట్లోనూ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఆ రోజుల్లో ధైర్యమున్న కుక్కలే మధ్యాహ్నం తినవు. తెల్లవారి ఆరు లోపల, పొద్దుగూకాక మాత్రమే పెట్టండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాలు, ఉరుములు, మధ్యలో దీపావళి. అప్పుడు రెండు రోజులు వెనక్కి పోయినా కంగారు పడొద్దు. చప్పుళ్ళు మొదలయ్యే ముందే, సాయంత్రం నాలుగింటికల్లా పెట్టేయండి.

8. తినడం మొదలయ్యాక

తింటుండగా కంచంలో చెయ్యి పెట్టి "ఏం చేస్తుందో చూద్దాం" అని పరీక్షించొద్దు, పిల్లల్ని అసలు పోనివ్వొద్దు. గుర్రుమంటే తిట్టకుండా దూరంగా నిలబడి ఇంకో ముక్క విసరండి. మనిషి వస్తే కంచంలో పెరుగుతుందేగానీ తగ్గదని దానికి తెలియాలి.

కడుపులో పురుగులు పోయే మందు, జ్వరం మాత్రలు ఎలాగూ ఇవ్వాల్సి వస్తాయి. మనుషుల పారాసిటమాల్, బ్రూఫెన్ సొంతంగా వేయొద్దు, అవి విషమవుతాయి. డాక్టరు రాసిన మాత్రని కూడా రోజూ తినే అన్నంలో దాచకండి. ఒక్కసారి చేదు తగిలిందంటే ఆ అన్నాన్నే అనుమానిస్తుంది, ఇన్నాళ్ళ శ్రమ మళ్ళీ మొదటికొస్తుంది. ద్రవంగా దొరుకుతుందేమో అడగండి. లేదంటే ఇంకెప్పుడూ పెట్టని దాంట్లో, కార్జం ముద్దలోనో అరటిపండు ముక్కలోనో పెట్టి, ముందు మాత్ర లేనిది ఒకటి, తర్వాత మాత్ర ఉన్నది, వెంటనే మళ్ళీ లేనిది ఒకటి వేయండి.