డిజైన్ ప్యాటర్న్ చెప్పినా పిల్లలకు ఎక్కడం లేదా? తేడా ఎక్కడుందో చూడండి

సమస్య: డిజైన్ ప్యాటర్న్ (కోడ్ రాసేటప్పుడు తరచూ వచ్చే చిక్కుకు పనికొచ్చే అమరిక) చెప్పాక పిల్లలు "సమజైంది సార్" అంటారు. మర్నాడు కోడ్ తెరిస్తే మళ్లీ అదే ఇఫ్-ఎల్స్ (ఇలా అయితే ఇది, లేదంటే అది) గొలుసు.

కారణం: పేరుతో మొదలుపెట్టాం. బోర్డు మీద "స్ట్రాటజీ" అని రాసి డబ్బాలు, బాణాలు గీశాం. 1994లో నలుగురు రచయితలు 23 ప్యాటర్న్‌లను పుస్తకంగా తెచ్చినప్పుడు ఒక్కోదానికి ఉద్దేశం, ఎప్పుడు వాడాలి, వాడితే వచ్చే లాభనష్టాలు కూడా రాశారు. మనకు బొమ్మ ఒక్కటే మిగిలింది.

పరిష్కారం: ముందు కోడ్‌ను ఇబ్బంది పడనివ్వండి. మిర్యాలగూడ వైపు పిల్లలకైతే వడ్ల లెక్కను మించింది లేదు. 2024-25లో క్వింటాల్ మద్దతు ధర సాధారణ రకానికి 2300, ఏ గ్రేడ్‌కు 2320 రూపాయలు. ఒక ఫంక్షన్, రెండు ఇఫ్‌లు. ఇక్కడ ఆగి, దీనికి ప్యాటర్న్ అక్కర్లేదని చెప్పండి. మారేది అంకె ఒక్కటే కాబట్టి రేట్ల పట్టిక చాలు. ఈ మాట చాలామంది టీచర్లు దాటేస్తారు.

ఇప్పుడు మిల్లరు నేరుగా కొనే పద్ధతి చేర్చమనండి. ఆయన తేమ చూసి ధర కోస్తాడు, తాలు ఉంటే ఇంకొంత తీసేస్తాడు. ఇది వేరే అంకె కాదు, వేరే లెక్క. ఫంక్షన్ సాగుతూ పోతుంది, ఒకటి సరిచేస్తే ఇంకోటి చెడుతుంది. అప్పుడు ఎవరో ఒకరు "ఒక్కో లెక్క ఒక్కో క్లాసుల పెడితే అయిపోదా సార్?" అంటారు. ఒక్కో లెక్కను విడి క్లాసులో పెట్టి కావలసింది ఎంచుకోవడమే స్ట్రాటజీ, ఆ పేరు అప్పుడు చెప్పండి. ఏ లెక్క వాడాలో ఎంచే చోట ఒక ఇఫ్ మిగిలే ఉంటుంది, దాన్ని దాచొద్దు.

సన్న వడ్లకు ఇచ్చిన 500 రూపాయల బోనస్ సంగతి అడిగితే సంతోషించండి. అది లెక్క మీద లెక్క, ఉన్నదాని మీద ఇంకోటి తొడిగే డెకరేటర్ ప్యాటర్న్‌కు దారి.

సమస్య: టెస్టులు ఒక్కోటిగా నడిపితే పాస్, అన్నీ కలిపితే ఫెయిల్.

కారణం: చాలాసార్లు సింగిల్టన్, అంటే ప్రోగ్రామ్ అంతా ఒకే ఆబ్జెక్టును పంచుకునే ప్యాటర్న్. ముందు టెస్టు మార్చిన విలువ తర్వాతి దానికి అంటుకుంటుంది.

పరిష్కారం: ఒక్కో టెస్టుకు కొత్త ఆబ్జెక్టును కన్‌స్ట్రక్టర్‌లో (క్లాసు నుంచి ఆబ్జెక్టు తయారయ్యే చోట) బయటినుంచి ఇవ్వండి.

సమస్య: "స్టేట్, స్ట్రాటజీ బొమ్మలు ఒక్కతీరే ఉన్నయి కదా సార్?"

కారణం: నిజమే, దాదాపు ఒకటే. తేడా ఎవరు మారుస్తారన్న దాంట్లో ఉంది.

పరిష్కారం: మిల్లు గేటు దగ్గరి లారీని చూపండి. గేటు, కాంటా, సరుకు దింపుడు: ఒక దశ ముగిస్తే లోపలినుంచే తర్వాతి దశలోకి వెళ్తుంది. అది స్టేట్. ధర లెక్క తనంతట తాను మారదు, మనమే ఎంచి బిల్లుకు ఇస్తాం.