పీచు పరీక్ష – 5వ పాఠం: పెక్టిన్ ఎటు పోయింది?

పోయినసారి చేయమన్న పెక్టిన్ పరీక్ష ఫలితాలు వచ్చాయి. పెక్టిన్ అంటే పండ్లలో ఉండే, నీళ్లలో కరిగే పీచు. తూచిన పెక్టిన్‌నే శాంపిల్‌లా ఎంజైములతో పీచు పరీక్ష చేసి, ఎంత తిరిగి వస్తుందో చూడమన్నాను. చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీల ల్యాబుల్లో పనిచేసేవాళ్లవే ఎక్కువ. వేసిన పెక్టిన్‌లో 95 నుంచి 100 శాతం తిరిగి రావాలి. చాలామందికి సగం కూడా రాలేదు. కాబట్టి ఈసారి చేయాల్సిన తోతాపురి మామిడి తొక్కల పొడి సంగతి వచ్చే పాఠంలో చూద్దాం.

ఎంజైములు మంచి సరుకు కాదంటూ సప్లయర్‌ మీద పడకండి. ముందు మీ చేతిలో ఉన్న వాష్ బాటిల్ చూడండి. అందులో డిస్టిల్డ్ వాటర్ ఉందా? దొంగ అదే.

నీళ్లతో కడగడం క్రూడ్ ఫైబర్ పరీక్ష (ఎంజైములు లేని పాత పీచు పరీక్ష) నుంచి వచ్చిన అలవాటు. అక్కడ ఆమ్లంలో, క్షారంలో ఉడికించి మరిగే నీళ్లతో కడుగుతాం. పెక్టిన్ అప్పటికే కొట్టుకుపోయి ఉంటుంది కాబట్టి నష్టం ఎవరికీ తెలియదు. ఇక్కడ అలా కాదు. నాలుగింతల ఆల్కహాల్ పోసి పెక్టిన్‌ను తెల్లటి పోగుల్లా బయటికి రప్పించాం. దాని మీద నీళ్లు చల్లితే మళ్లీ కరిగి క్రూసిబుల్‌లోంచి (వడపోసే గిన్నెలోంచి) జారిపోతుంది. బీకరు అడుగున అంటుకున్నది రాబట్టడానికైనా సరే, నీళ్లు వద్దు. 78 శాతం ఆల్కహాల్‌తో మూడుసార్లు, 95 శాతంతో రెండుసార్లు, చివర అసిటోన్‌తో రెండుసార్లు కడగండి. నేనైతే వడపోసే బల్ల మీద నీళ్ల బాటిల్‌నే ఉండనివ్వను.

అనుమానం తీరాలంటే, కడిగిన నీళ్లను పారబోయకుండా వాటికి నాలుగింతల ఆల్కహాల్ పోయండి. పోగులు కనబడితే పోగొట్టింది మీరే. ఏమీ రాకపోతే అప్పుడు ఎంజైముల్ని అనుమానించండి. అమైలేజ్ పిండిపదార్థాన్ని, ప్రోటియేజ్ మాంసకృత్తుల్ని తినాలి. గెలాక్ట్యురోనిక్ ఆమ్లపు గొలుసైన పెక్టిన్‌ను ఏదీ ముట్టకూడదు. ముట్టిందంటే ఎక్కడో పెక్టిన్‌ను తినే ఎంజైమ్, పెక్టినేజ్, కలిసింది. జ్యూస్‌ను పలచన చేయడానికి ఫ్యాక్టరీలో వాడే ఎంజైమ్ అదే. దానికి వాడిన పిపెట్‌నే ఇక్కడా ముంచారేమో చూసుకోండి.

పెక్టిన్ పొడి ఉండలు కడుతోందని అడిగారు. బఫర్ (ఆమ్లత మారకుండా ఉంచే ద్రావణం) పోసేముందు రెండు చుక్కల ఆల్కహాల్‌తో తడపండి. గుజ్జు శాంపిల్‌లో చక్కెర ముందే 85 శాతం ఆల్కహాల్‌తో తీసేయాలని మళ్లీ చెప్పను.

అభ్యాసం: నాలుగు బీకర్లలో 0.2 గ్రాముల చొప్పున పెక్టిన్. రెండు నీళ్లతో, రెండు ఆల్కహాల్‌తో కడగండి. ప్రతి జతలో మిగిలినదాన్ని తూచి, ఒకదానిలో ప్రోటీన్, రెండోదానిలో 525 డిగ్రీల దగ్గర కాల్చి బూడిద ఎంతో చూడండి. పక్కనే బ్లాంక్, అంటే పెక్టిన్ వేయకుండా మిగతాదంతా అలాగే చేసే బీకరు. బ్లాంక్‌లో వచ్చిన బరువు తీసేయకుండా పంపిన లెక్కలు నేను చూడను.