దుబాయ్ ఫ్రీ జోన్ కంపెనీ: లైసెన్సు వచ్చాక ఎదురయ్యే సమస్యలు, పరిష్కారాలు

స్థానిక భాగస్వామి లేకుండా నూటికి నూరు శాతం వాటాతో విదేశీయులు కంపెనీ పెట్టుకునే ఫ్రీ జోన్ పద్ధతి యూఏఈలో 1985లో జెబెల్ అలీతో మొదలైంది. ఇప్పుడు లైసెన్సు తెచ్చుకోవడం ఈ ప్రయాణంలో అన్నిటికన్నా తేలికైన పని. ఆ తర్వాత బయటపడే చిక్కుల్లో చాలావాటికి మూలం దరఖాస్తులో రాసిన వ్యాపార వివరణలోనో, యజమాని నివసించే దేశంలోనో ఉంటుంది కాబట్టి, కింది సమస్యల్లో ఏది ఎదురైనా ముందుగా ఆ రెండింటినీ పరిశీలించుకోవాలి.

సమస్య: లైసెన్సు చేతికొచ్చినా బ్యాంకు ఖాతా తెరుచుకోవడం లేదు.

కారణం: లైసెన్సు ఇచ్చిన ఫ్రీ జోన్ సంస్థ హామీ బ్యాంకుకు చెల్లదు. డబ్బు ఎవరి నుంచి, దేనికోసం, ఏ దేశం మీదుగా వస్తుందో బ్యాంకు స్వయంగా తేల్చుకుంటుంది. లైసెన్సులో ‘జనరల్ ట్రేడింగ్’ అని ఉండి, చూపించిన ఇన్వాయిస్‌లు ఐటీ సేవలవైతే అనుమానం రావడం సహజం. ఫ్లెక్సీ డెస్క్ (పలువురు పంచుకునే ఆఫీసులో అద్దె బల్ల) తప్ప మరే చిరునామా లేకపోవడం, ఎమిరేట్స్ ఐడీ రాకముందే దరఖాస్తు చేయడం ఆ అనుమానాన్ని పెంచుతాయి.

పరిష్కారం: ముందు లైసెన్సులోని యాక్టివిటీని నిజంగా చేసే పనికి తగ్గట్టు సవరించుకోండి. నివాస వీసా, ఎమిరేట్స్ ఐడీ వచ్చాక, క్లయింట్లతో కుదిరిన ఒప్పందాలు, పెట్టుబడి ఎక్కడి నుంచి వచ్చిందో చూపే ఆధారాలు, సొంత బ్యాంకు స్టేట్‌మెంట్లు జతచేసి మళ్లీ దరఖాస్తు చేయండి.

సమస్య: పన్నే లేదని చెప్పి కంపెనీ పెట్టించారు, ఇప్పుడు 9 శాతం కట్టాలంటున్నారు.

కారణం: 2022 నాటి 47వ ఫెడరల్ చట్టం ప్రకారం, 2023 జూన్ 1న గానీ ఆ తర్వాత గానీ మొదలైన ఆర్థిక సంవత్సరాల నుంచి యూఏఈలో కార్పొరేట్ ట్యాక్స్ (కంపెనీ లాభాలపై పన్ను) అమల్లో ఉంది. ఫ్రీ జోన్ కంపెనీకి సున్నా శాతం దక్కేది అర్హత గల ఆదాయం మీదే. అది కూడా జోన్‌లో తగిన సిబ్బంది, ఖర్చు, ఆడిట్ అయిన లెక్కలు ఉంటేనే. తయారీ, డిజిగ్నేటెడ్ జోన్ (పన్ను అవసరాలకు ప్రభుత్వం ప్రత్యేకంగా గుర్తించిన ఫ్రీ జోన్) నుంచి సరుకు పంపిణీ, లాజిస్టిక్స్ వంటివి అర్హత గల పనుల జాబితాలో ఉన్నాయి. మనవాళ్లు ఎక్కువగా పెట్టే ఐటీ కన్సల్టింగ్ అందులో లేదు, అమ్మకాల ప్రకటనల్లో ఈ మాట మాత్రం కనిపించదు. అర్హత లేని రాబడి మొత్తం రాబడిలో 5 శాతాన్ని గానీ 50 లక్షల దిర్హమ్‌లను గానీ, ఏది తక్కువైతే దాన్ని, దాటితే ఆ ఏడాదితో పాటు తర్వాతి నాలుగేళ్లూ సున్నా శాతం హోదా పోతుంది.

పరిష్కారం: హోదా పోయినంత మాత్రాన కంగారు పడనక్కర్లేదు. అప్పుడు మామూలు కంపెనీలాగే 3,75,000 దిర్హమ్‌ల లాభం వరకు పన్ను ఉండదు, ఆపైన మాత్రమే 9 శాతం పడుతుంది. రాబడి 30 లక్షల దిర్హమ్‌లు దాటని కంపెనీలు, 2026 డిసెంబర్ 31లోపు ముగిసే పన్ను కాలాలకు, రిటర్నులో చిన్న వ్యాపారాల ఊరటను ఎంచుకోవచ్చు; సున్నా శాతం హోదా ఉన్నవారికి ఆ ఊరట లేదు. పన్ను సున్నా అయినా రిజిస్ట్రేషన్ తప్పదు. గడువు దాటితే 10,000 దిర్హమ్‌ల జరిమానా పడుతుంది గానీ, తొలి పన్ను కాలం ముగిసిన ఏడు నెలల్లో రిటర్ను వేస్తే దాన్ని మాఫీ చేస్తారు.

వ్యాట్ వేరే సంగతి. విదేశీ క్లయింట్లకు చేసే సేవలకు సున్నా రేటు వర్తించినా, ఆ రాబడి కూడా 3,75,000 దిర్హమ్‌ల రిజిస్ట్రేషన్ పరిమితి లెక్కలోకి వస్తుంది.

సమస్య: దుబాయ్ నగరంలోని క్లయింటు మా లైసెన్సు చెల్లదంటున్నారు.

కారణం: ఫ్రీ జోన్ లైసెన్సు స్వతహాగా మెయిన్‌ల్యాండ్ (ఫ్రీ జోన్‌ల బయట ఉన్న ప్రాంతం) వ్యాపారానికి అనుమతి ఇవ్వదు.

పరిష్కారం: దుబాయ్ ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్ 2025లో జారీ చేసిన 11వ తీర్మానం కింద మెయిన్‌ల్యాండ్ అనుమతి తీసుకోవచ్చు, ఆ ఆదాయం లెక్కలు విడిగా రాయాలి, దానిపై 9 శాతం పన్ను ఉంటుంది. క్లయింట్లందరూ అక్కడివారే అయితే, 2021 జూన్ నుంచి చాలా వ్యాపారాలకు పూర్తి విదేశీ యాజమాన్యం అనుమతిస్తున్న మెయిన్‌ల్యాండ్‌లోనే కంపెనీ పెట్టడం మేలు.

సమస్య: హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉంటూ కంపెనీ పెట్టాం, ఇక్కడి బ్యాంకు డబ్బు పంపడానికి ఒప్పుకోవడం లేదు.

కారణం: భారత నివాసి విదేశీ కంపెనీలో వాటా తీసుకోవడం 2022 నాటి ఓవర్సీస్ ఇన్వెస్ట్‌మెంట్ నిబంధనల కిందికి వస్తుంది. డబ్బు పంపడానికి లేదా వాటా పొందడానికి, ఏది ముందైతే దానికన్నా ముందే, బ్యాంకు ద్వారా ఫారం ఎఫ్‌సీ (విదేశీ పెట్టుబడి వివరాల పత్రం) ఇచ్చి, ఆ పెట్టుబడికి కేటాయించే గుర్తింపు సంఖ్య యూఐఎన్ పొందాలి. చాలామంది ముందు వాటా తీసుకుని, ఆ తర్వాత బ్యాంకుకు వెళ్తారు.

పరిష్కారం: ఆలస్యాన్ని దాచకుండా బ్యాంకు ద్వారానే ఆలస్య రుసుము కట్టి క్రమబద్ధం చేయించుకోండి. పంపే మొత్తం ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్ల పరిమితిలో ఉండాలి. ఆపై ఏటా డిసెంబర్ 31లోగా వార్షిక పనితీరు నివేదిక ఇవ్వాలి, ఆదాయపు పన్ను రిటర్నులోని ఎఫ్ఏ (విదేశీ ఆస్తుల) షెడ్యూలులో వాటాను, విదేశీ ఖాతాను చూపించాలి. దుబాయ్ కంపెనీ డివిడెండ్ ఇస్తే, అది అందుకునే భారత నివాసి ఇక్కడి స్లాబు ప్రకారం పన్ను కట్టాల్సిందే.