బేస్ గిటారు మొరాయిస్తే: సమస్య, కారణం, పరిష్కారం

చెన్నై వడపళని దగ్గర గంటల లెక్కన అద్దెకిచ్చే ఒక జామ్ రూమ్‌లో ఆదివారాలు కలిసే తెలుగువాళ్లం ఏడుగురం ఉన్నాం. నెల్లూరు, తెనాలి, చిత్తూరు నుంచి ఉద్యోగాలకు వచ్చినవాళ్లం కొందరం, చెన్నైలోనే పుట్టి పెరిగినవాళ్లు ఇద్దరు. ఏడుగురిలో ముగ్గురం బేస్ వాయిస్తాం. పాటకొకరం వంతులు వేసుకుంటాం. దానివల్ల పెద్ద లాభమేమిటంటే, ఒకరి సామాను మొరాయించినప్పుడు పనిచేస్తున్న సామాను ఇంకో రెండు సెట్లు పక్కనే ఉంటాయి.

కింద రాసిన పరిష్కారాల్లో చాలావాటికి ఆధారం అదే. బేస్, కేబుల్, పెడల్ (శబ్దాన్ని మార్చే కాలి పెట్టె), ఆంప్ (ఆంప్లిఫయరు), స్పీకరు: ఈ వరుసలో ఒక్కసారికి ఒక్క వస్తువునే మార్చి చూడాలి. తెచ్చి పెట్టే వస్తువు ఇప్పుడే, మన కళ్లముందే పనిచేసినదై ఉండాలి. ఇంట్లో ఒంటరిగా కూర్చున్నవాడికి ఈ సౌకర్యం ఉండదు. అందుకే తప్పు ఎక్కడుందో తెలియక, బాగున్న పికప్‌ను (తీగల కంపనాన్ని పట్టే అయస్కాంతపు భాగాన్ని) తీసి కొత్తది వేయించుకున్నవాళ్లను చూశాను.

అసలు చప్పుడే రావడం లేదు

కిందటి ఉగాదికి మా అపార్ట్‌మెంట్‌లో కార్యక్రమం. స్టేజీ ఎక్కడానికి పావుగంట ముందు నా బేస్ మూగబోయింది. టెన్షన్‌లో నేరుగా ఆంప్ వెనక్కి వెళ్లి ఫ్యూజు వెతకడం మొదలుపెట్టాను. మాలో పెద్దవాడైన అన్న తన భుజాన ఉన్న కేబుల్ తీసి నా చేతిలో పెట్టాడు. "ముందు ఇది పెట్టి చూడు తమ్ముడూ, ఆంప్ సంగతి తర్వాత." పెట్టగానే పలికింది.

ఆ రాత్రి నా కేబుల్ ప్లగ్ మూత విప్పి టేబుల్ లైటు కింద చూశాను. మధ్య వైరు సోల్డరింగ్ దగ్గర తెగిపోయి, వెంట్రుకంత రాగిపోగు ఒక్కటే ఆనుకుని ఉంది. కేబుల్‌ను వేలితో కాస్త వంచితే ఆ పోగు విడిపోతోంది, వదిలితే తగులుతోంది.

చాలా కేబుళ్లు పోయేది ఇలా ప్లగ్ దగ్గరే. రెండు అంగుళాలు కోసేసి మళ్లీ సోల్డర్ చేస్తే ఇంకో రెండేళ్లు వస్తుంది. 25 వాట్ల ఐరన్ చాలు. ప్లగ్ మూతను ముందే కేబుల్‌కు ఎక్కించుకోండి, లేకపోతే చేసినదంతా విప్పి మళ్లీ చేయాలి. ఎలక్ట్రానిక్ సామాన్లు దొరికే రిచ్చీ స్ట్రీట్‌లో ప్లగ్ కొనేటప్పుడు ప్లాస్టిక్ మూతది కాకుండా మెటల్ మూతది, లోపల కేబుల్‌ను గట్టిగా పట్టే బిగింపు ఉన్నది అడగండి.

కేబుల్ మంచిదేనని తేలితే తర్వాత బ్యాటరీ. యాక్టివ్ బేస్‌లలో, అంటే లోపల చిన్న సర్క్యూట్‌తో సిగ్నల్‌ను పెంచేవాటిలో, 9 వోల్టుల బ్యాటరీ ఉంటుంది, కొన్నింటిలో రెండు. చాలా బేస్‌లలో ఆ బ్యాటరీకి స్విచ్ అంటూ వేరే ఉండదు. జాక్‌లో కేబుల్ పెట్టడమే స్విచ్ వేయడం. వాయించాక కేబుల్ అలాగే వదిలేసి పడుకుంటే రాత్రంతా బ్యాటరీ ఖర్చవుతుంది. అయిపోయేముందు శబ్దం చిన్నదై, పగిలినట్టు వస్తుంది. ఆ లక్షణం కనిపిస్తే పెడల్‌నో ఆంప్‌నో అనుమానించకుండా ముందు బ్యాటరీ మార్చండి.

మూడోది జాక్. దాని నట్టు వదులైతే కేబుల్ పెట్టి తీసిన ప్రతిసారీ జాక్ మొత్తం తిరిగి, లోపలి వైర్లు మెలిపడి తెగుతాయి. నట్టు బిగించేటప్పుడు పలక విప్పి లోపలి భాగాన్ని వేళ్లతో కదలకుండా పట్టుకోవాలి.

ఇంకా అంతు చిక్కకపోతే మల్టీమీటరు తీయండి. బేస్‌కు కేబుల్ పెట్టి, వాల్యూమ్ పూర్తిగా తెరిచి, రెండో కొసన ఉన్న ప్లగ్ మొనకూ దాని లోహపు ఒంటికీ మధ్య ఓమ్‌లు కొలవండి. బ్యాటరీ లేని పాసివ్ బేస్ అయితే సాధారణంగా 4 నుంచి 12 కిలో ఓమ్‌ల మధ్య కనిపిస్తుంది. సున్నా వస్తే ఎక్కడో రెండు వైర్లు తగులుకున్నాయి. వందల కిలో ఓమ్‌లు చూపిస్తే పికప్ వైపు తెగింది, మీటరుకు వాల్యూమ్ కంట్రోల్ ఒక్కటే కనబడుతోంది. యాక్టివ్ బేస్‌కు ఈ కొలత పనికిరాదు.

గుయ్‌మని హమ్ వస్తోంది

మన ఇళ్లలో కరెంటు 50 హెర్ట్జ్. బేస్ లావు తీగ మీద మూడో ఫ్రెట్‌లో (మెడ మీది లోహపు గీతల్లో మూడోదాని దగ్గర) పలికే 'జి' స్వరం 49 హెర్ట్జ్. కాబట్టి వినబడే హమ్ ఆ 'జి'కో, దాని పై స్థాయికో దగ్గరగా ఉంటే అది కరెంటు లైన్ల నుంచి వస్తున్నదే. సన్నగా జీరగా, కందిరీగలా వినిపిస్తే ఎల్ఈడీ లైటు, ఫ్యాన్ రెగ్యులేటరు, ల్యాప్‌టాప్ అడాప్టరు వంటివాటిని ఒక్కొక్కటే ఆపి చూడండి.

తర్వాత తీగల మీద అరచెయ్యి ఆనించండి. హమ్ బాగా తగ్గిందా? అయితే వైరింగ్ సక్రమంగానే ఉంది. మన ఒళ్లు యాంటెన్నాలా పట్టిన రొద తీగల మీదుగా గ్రౌండ్‌కు పోయింది, అంతే. పికప్‌లూ కంట్రోళ్లూ ఉండే గుంటలకు లోపల రాగి టేపు అతికించి గ్రౌండ్‌కు కలిపితే ఇంకా తగ్గుతుంది. చెయ్యి ఆనించినా ఏ మార్పూ లేకపోతే బ్రిడ్జి (తీగల కింది కొసలు బిగించే లోహపు భాగం) కింద ఉండే గ్రౌండ్ వైరు ఊడి ఉండవచ్చు. ముట్టుకుంటే పెద్దగా పెరుగుతోందంటే జాక్‌లో రెండు వైర్లూ తారుమారయ్యాయి. ఎవరైనా సోల్డరింగ్ చేసి ఇచ్చిన మర్నాడు వచ్చే సమస్య ఇది.

జాజ్ బేస్ కొత్తగా కొన్నవాళ్లు ఒక విషయం తెలుసుకోవాలి. 1960లో ఫెండర్ తెచ్చిన ఈ నమూనాలో రెండు సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట ఉన్న) పికప్‌లు ఉంటాయి. ఇప్పుడు వచ్చేవాటిలో మామూలుగా రెండింటినీ ఎదురెదురు దిశల్లో చుడతారు. రెండు వాల్యూమ్‌లూ సమానంగా తెరిచినప్పుడు ఒకదాని హమ్‌ను ఇంకొకటి కొట్టేస్తుంది. ఒకటి తగ్గిస్తే హమ్ తిరిగొస్తుంది. అది రోగం కాదు, దాని స్వభావం. ప్రెసిషన్ బేస్‌కు 1957 నుంచి ఉన్న రెండు ముక్కల పికప్‌లో ఈ పని లోపలే జరిగిపోతుంది.

కరెంటు పోయి ఇన్వర్టరు అందుకోగానే గర్‌ర్‌మని మొదలైతే కారణం ఇన్వర్టరే. చవక రకాలు ఇచ్చే కరెంటు స్క్వేర్ వేవ్. దాని రొద ఆంప్‌లో దూరుతుంది. ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టరు ఉన్న గదిలో వాయించాలి, లేదా కరెంటు వచ్చేదాకా హెడ్‌ఫోన్ ఆంప్‌తో సరిపెట్టుకోవాలి.

ఇక ప్రాణాల మీదికి వచ్చే హమ్ ఒకటుంది. తీగల మీద చెయ్యి ఉండగా మైక్‌కు పెదవి తగిలితే చిమచిమలాడిందంటే వెంటనే అన్నీ ఆపేయండి. ఆంప్‌కో, మైక్ వెళ్లే మిక్సరుకో, ఆ గదికో ఎర్త్ సరిగా లేదు. వైరింగ్ పని తెలిసినవారితో సాకెట్ పరీక్ష చేయించండి: ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య దాదాపు 230 వోల్టులు రావాలి, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య రెండు మూడు వోల్టులకు మించకూడదు. హమ్ తగ్గుతుందని మూడు పిన్నుల ప్లగ్‌లో ఎర్త్ పిన్ను తీసేయమని సలహా ఇచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఆంప్‌నూ మిక్సరునూ వేర్వేరు సాకెట్లలో పెట్టడం వల్ల వచ్చే హమ్ అయితే రెండింటినీ ఒకే స్పైక్ బస్టర్‌కు తెచ్చుకోండి. అప్పటికీ పోకపోతే బేస్ సిగ్నల్‌ను మిక్సరుకు పంపే డీఐ బాక్స్‌లో గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ నొక్కండి. అది సిగ్నల్ కేబుల్ గ్రౌండ్‌ను మాత్రమే విడదీస్తుంది, కరెంటు ఎర్త్ జోలికి పోదు.

నాబ్ తిప్పితే కరకర

దుమ్ము, తుప్పు. తిరువాన్మియూర్‌లో సముద్రానికి దగ్గరగా ఉండే మావాడికి ఇది తరచూ వస్తుంది. ఎలక్ట్రానిక్ కాంటాక్ట్ క్లీనర్‌ను కంట్రోల్ సందులోకి కొద్దిగా కొట్టి, నాబ్‌ను ఇరవైసార్లు ఇటూ అటూ తిప్పండి. తలుపు బందులకు కొట్టే నూనె స్ప్రే వాడకండి. తీగలకు పట్టే తుప్పుకు మందు ఒక్కటే: వాయించిన వెంటనే పొడి గుడ్డతో తుడవడం. శబ్దం మందగించిన తీగలను పది నిమిషాలు నీళ్లలో మరిగించి, పూర్తిగా ఆరబెట్టి వేసుకుంటే కొన్నాళ్లు మళ్లీ మెరుపు వస్తుంది. కొత్త సెట్టు కొనే లోపు మేమంతా చేసే పనే ఇది.

అమెరికా నుంచి వచ్చిన ఆంప్ పెట్టగానే ఆరిపోయింది

అక్కో బావో సెలవులకు వస్తూ ప్రేమతో మోసుకొచ్చిన ఆంప్ ఇలా పోతే కలిగే బాధ మామూలుది కాదు. వెనక ఉన్న లేబుల్ చదవండి. 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని మాత్రమే ఉంటే మన 230 వోల్టుల సాకెట్‌లో నేరుగా పెట్టకూడదు; దానికి సరిపడా సామర్థ్యం ఉన్న స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు కావాలి. 100 నుంచి 240 అని ఉంటే ప్లగ్ మార్చుకుంటే చాలు. ఇప్పటికే పెట్టేసి ఉంటే, ఫ్యూజు మార్చి మళ్లీ అదే సాకెట్‌లో పెట్టి చూడకండి. మెకానిక్ చేతికి ఇవ్వండి.

తీగ ఫ్రెట్ మీద గరగరలాడుతోంది, పై ఫ్రెట్లలో శ్రుతి తప్పుతోంది

ఐప్పసి (అక్టోబరు-నవంబరులో వచ్చే తమిళ నెల) వానలు పడగానే మా ముగ్గురి బేస్‌లూ ఒకే వారంలో తేడా చేస్తాయి. గాలిలో తేమ మారితే మెడ కర్ర వంపు మారుతుంది. ఏ వైపు మారుతుందనేది ఆ కర్రను బట్టి ఉంటుంది, అందుకే కొలవకుండా ట్రస్ రాడ్ (మెడ వంపును సరిచేసే లోపలి కడ్డీ) తిప్పకూడదు.

శ్రుతి చేశాక లావు తీగను మొదటి ఫ్రెట్‌లోనూ చివరి ఫ్రెట్‌లోనూ ఒకేసారి నొక్కాలి. అప్పుడు ఏడు, ఎనిమిది ఫ్రెట్ల దగ్గర తీగకూ ఫ్రెట్‌కూ మధ్య సుమారు 0.3 మి.మీ. సందు ఉండాలి. మామూలు విజిటింగ్ కార్డు మందం ఇంచుమించు అంతే. దీనికి మూడు చేతులు కావాలి. కాబట్టి మొదటి ఫ్రెట్ పక్కవాడు పట్టుకుంటాడు, నేను చివరిది నొక్కి కార్డు దూరుస్తాను. సందు ఎక్కువుంటే ట్రస్ రాడ్‌ను బిగించే వైపు, తక్కువుంటే వదిలే వైపు పావు చుట్టు మాత్రమే తిప్పి, మళ్లీ శ్రుతి చేసి కొలవాలి. బిగుసుకుపోయి తిరగకపోతే బలం పెట్టకండి.

తర్వాత ఎత్తు. పదిహేడో ఫ్రెట్ దగ్గర లావు తీగ కింద 2.4 మి.మీ., సన్న తీగ కింద 2 మి.మీ. మంచి ఆరంభం. శ్రుతి పని చివరిది: పన్నెండో ఫ్రెట్ మీద వేలు తాకించి హార్మోనిక్ పలికించండి, అక్కడే నొక్కి మళ్లీ పలికించండి. నొక్కినది హెచ్చుగా ఉంటే సాడిల్‌ను (బ్రిడ్జి మీద తీగ ఆనే ముక్కను) వెనక్కి జరపాలి, తగ్గుగా ఉంటే ముందుకు. ఈ వరుస తప్పిస్తే చేసిన పని మళ్లీ చేయాల్సి వస్తుంది.

ఒక్క స్వరం మాత్రం వెంటనే చచ్చిపోతోంది

సన్న తీగ మీద ఐదు నుంచి ఏడో ఫ్రెట్ దాకా ఎక్కడో ఒకచోట, మిగతా స్వరాలన్నీ మోగుతూ ఉంటే ఒక్కటి మాత్రం చటుక్కున ఆరిపోతుంది. తీగ బలాన్ని ఆ స్వరం దగ్గర మెడ కర్రే తాగేస్తుంది. చాలా మంచి బేస్‌లకూ ఉండే గుణమే ఇది, డబ్బులు పోశామని దిగులు పడక్కర్లేదు. పరీక్షకు తలభాగాన్ని గట్టిగా గోడకో బీరువాకో ఆనించి వాయించండి. స్వరం నిలబడితే కారణం అదే. తలకు చిన్న బరువు బిగిస్తే ఆ చోటు జరుగుతుంది. నేను మాత్రం ఐదో ఫ్రెట్ 'సి'ని పక్క తీగ మీద పదో ఫ్రెట్‌లో వాయిస్తాను. అక్కడ అది ఇంకా నిండుగా ఉంటుంది.

ఒంటరిగా అద్భుతంగా ఉంది, బ్యాండ్‌లో వినిపించదు

నన్ను ఎక్కువ కాలం వేధించిన సమస్య ఇదే. ఇంట్లో ఆంప్ మీద లో, హై (కింది, పై స్వరాల నాబ్‌లు) రెండూ పెంచి మిడ్ (మధ్య స్వరాలు) తగ్గించి వాయిస్తే ఎంతో ముచ్చటగా ఉంటుంది. జామ్ రూమ్‌లో కిక్ డ్రమ్ అడుగును ఆక్రమిస్తుంది, డ్రమ్స్‌లోని తాళాలు (సింబల్స్) పైభాగాన్ని ఆక్రమిస్తాయి. మనం తగ్గించుకున్న మిడ్ ఒక్కటే ఖాళీగా ఉన్న చోటు. లావు తీగ మూలస్వరం 41 హెర్ట్జ్. చిన్న స్పీకరు దాన్ని సరిగా పలికించలేదు కూడా. లో కాస్త తగ్గించి 250 నుంచి 800 హెర్ట్జ్ మధ్య పెంచండి. ఒంటరిగా వింటే మొరటుగా అనిపిస్తుంది, పాటలో పెట్టి విన్నాకే తీర్పు చెప్పండి. ఇళయరాజా పాటల్లో బేస్‌ను చెవి పెట్టి వెతకండి. అది కింద గుమ్మని ఉరమదు, స్పష్టంగా మాట్లాడుతుంది.

రెండో కారణం కీబోర్డు ఎడమ చెయ్యి. దీనికి ఏ నాబూ లేదు. "అక్కా, పల్లవిలో ఎడమ చెయ్యి ఒక స్థాయి పైకి తీసుకుంటావా?" అని అడిగితే మా కీబోర్డు అక్క మరుసటి చుట్టులోనే మార్చింది. ఆ పాటలో బేస్ అప్పుడే మొదటిసారి వినబడింది.

మూడోది గది. పన్నెండు అడుగులకు కాస్త తక్కువ పొడవున్న గది 49 హెర్ట్జ్ దగ్గర, అంటే సరిగ్గా ఆ మూడో ఫ్రెట్ 'జి' దగ్గర మార్మోగుతుంది. గోడ పక్కన నిలబడితే ఆ స్వరం దద్దరిల్లుతుంది, గది మధ్యలో నిలబడితే మాయమవుతుంది. ఆంప్‌ను మూల నుంచి జరిపి కుర్చీ మీదికి ఎక్కించండి. ఆంప్ మోకాళ్ల దగ్గర ఉంటే వాయించేవాడికి తన శబ్దం సగం కూడా వినబడదు, దాంతో వాల్యూమ్ పెంచుకుంటూ పోతాడు.

కాబట్టి నాబ్‌లు తిప్పేది వాయించేవాడు కాదు. కార్యక్రమానికి ముందు అన్న హాల్లో చివరి వరస కుర్చీల దగ్గర నిలబడతాడు. బ్యాండంతా ఒక పల్లవి వాయిస్తుంది. అన్న అరచెయ్యి కిందికి ఊపితే మాలో చిన్నవాడు నా ఆంప్ మీద లో తగ్గిస్తాడు, పైకి ఊపితే మిడ్ పెంచుతాడు. బొటనవేలు ఎత్తగానే ప్రతి నాబ్ పక్కనా పేపర్ టేపు ముక్క అతికించి పెన్నుతో గీత పెడతాం.