పేజీ కూర్పు నేర్చుకుందాం - 3వ పాఠం: లైను ఎక్కడ విరగాలి?

పోయిన పాఠంలో ఫ్రేములు గీసి మ్యాటరు పోసుకున్నాం. ఇవాళ ఎంటర్ కీ సంగతి.

ఒడిశాలోని పర్లాకిమిడిలో నేను డీటీపీ (కంప్యూటర్ మీద పేజీలు కూర్చే) పనిలో చేరిన కొత్తలో ఒక దసరా సంచిక చేశాను. ప్రతి లైను చివరా ఎంటర్ కొట్టి ముచ్చటగా సర్దాను. ప్రూఫు చూసిన పెద్దాయన "అక్షరం సన్నంగా ఉంది బాబూ, కాస్త పెంచు" అన్నారు. 12 పాయింట్లను 13 చేశాను. ఒక నిండు లైను, దాని కింద ఒంటరిగా ఒక మాట, మళ్ళీ నిండు లైను. సంచిక మొత్తం అదే తీరు! తెల్లవార్లూ కూర్చుని ఒక్కో ఎంటరూ చెరిపాను.

ఎంటర్ కొడితే పేరా ముగిసినట్టు. షిఫ్ట్ పట్టుకుని ఎంటర్ కొడితే లైను మాత్రమే మారుతుంది, పేరా అదే. పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో కంట్రోల్, ఆల్ట్, ఐ కలిపి నొక్కండి. దాగిన గుర్తులు బయటపడతాయి. ప్రివ్యూలో ఉంటే కనబడవు, నార్మల్‌కి రండి.

పద్యంతో ఈ తేడా బాగా తెలుస్తుంది. నాలుగు పాదాలకీ ఎంటర్ కొడితే నాలుగు పేరాలవుతాయి. పేరా తర్వాత ఖాళీ పెట్టి ఉంటే పాదానికీ పాదానికీ మధ్య అది దూరిపోతుంది. మొదటి మూడు పాదాల చివర షిఫ్ట్ ఎంటర్, నాలుగో పాదం చివర ఎంటర్ కొట్టండి. రెండు భాషల శుభలేఖలో పేరు, ఊరు కింద కింద రావాలన్నా ఇదే పద్ధతి, తెలుగు వైపైనా ఒడియా వైపైనా. పద్యాన్ని జస్టిఫై (రెండు అంచులకూ సమంగా సర్దడం) మాత్రం చేయకండి. షిఫ్ట్ ఎంటర్ ఉన్న లైను ఈ చివర నుంచి ఆ చివరికి సాగిపోయి మాటల మధ్య గోతులు పడతాయి.

వచనంలో లైనును సాఫ్ట్‌వేర్‌కే వదిలేయాలి. పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో వరల్డ్ రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్ ఎంచుకోండి. అది లేకపోతే వత్తులు విడిపోతాయి. ఈ కంపోజర్ పేరా మొత్తాన్నీ చూసి లైన్లు తెంపుతుంది కాబట్టి, కింద ఒక మాట మారిస్తే పై లైన్లూ కదలొచ్చు. కంగారు పడకండి.

విడిపోకూడని మాటలు కొన్ని ఉంటాయి. "1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడింది" అన్నచోట "ఏప్రిల్" ఒక లైనులో, "1న" మరో లైనులో పడితే చదివేవారి కన్ను తడబడుతుంది. ఆ మధ్య ఖాళీ తీసేసి కంట్రోల్, ఆల్ట్, ఎక్స్ నొక్కండి. ఖాళీ ఉంటుంది, విరుపు ఉండదు. గి.వెం. రామమూర్తి గారి పేరులో పొడి అక్షరాల తర్వాత కూడా అంతే. ఉపశీర్షిక పేజీ అడుగున ఒంటరిగా మిగిలితే ఎంటర్లు కొట్టి కిందికి తోయకండి. కంట్రోల్, ఆల్ట్, కె నొక్కి, కీప్ విత్ నెక్స్ట్ (తర్వాతి లైన్లతో కలిపి ఉంచు) దగ్గర 2 వేయండి.

ఇక అభ్యాసం. లైను లైనుకీ ఎంటర్, పేరాల మధ్య రెండు ఎంటర్లు ఉన్న పాత ఫైలు ఒకటి తీసుకోండి. ఫైండ్ ఛేంజ్‌లో ఎండ్ ఆఫ్ పేరాగ్రాఫ్ గుర్తును రెండుసార్లు పెట్టి, దాని బదులు ## వేయండి. తర్వాత మిగిలిన ఒంటి గుర్తుల బదులు ఒక ఖాళీ వేయండి. చివరికి ## తీసి పేరా గుర్తు పెట్టండి. నేను రాత్రంతా చేసిన పని మూడు క్లిక్కుల్లో అయిపోతుంది. ముందు ఫైలుకు కాపీ తీసుకోండి. పద్యాలున్న భాగాన్ని ఇందులో కలపకండి, పాదాలన్నీ ఒకే లైనులో కలిసిపోతాయి.