లేక్ పావెల్‌లో బోటు ఎక్కే ముందు గడియారం సరిచూసుకోండి

అమెరికాలోని ఆరిజోనా ఎడారిలో, పేజ్ ఊరి పక్కన, కొలరాడో నది మీదున్న లేక్ పావెల్ జలాశయంలో బోటు షికారుకు వెళ్తున్నారా? అయితే ముందు ఫోన్‌లో టైమ్ జోన్ ఆటోమేటిక్‌గా మారకుండా ఆపేయండి. ఆరిజోనాలో వేసవికి గడియారం ముందుకు జరపరు. పక్కనే ఉన్న యూటా రాష్ట్రం, నవాజో నేషన్ (నవాజో ఆదివాసుల స్వయంపాలిత ప్రాంతం) మాత్రం గంట ముందుకు జరుపుతాయి. ఫోన్ ఏ టవర్‌ని పట్టుకుంటే ఆ టైమే చూపిస్తుంది. బుక్ చేసేటప్పుడే "ఇది ఆరిజోనా టైమేనా?" అని అడిగేస్తే టెన్షన్ ఉండదు.

వేసవిలో అయితే పొద్దున్నే వెళ్లడం మేలు. మధ్యాహ్నానికి ఎండతో పాటు గాలి కూడా పెరిగి బోటు బాగా ఊగొచ్చు. ఉదయపు ఏటవాలు వెలుగులో ఎర్రటి రాతిగోడల రంగు కూడా బాగుంటుంది. ఫొటోల పిచ్చి ఉంటే ఇంక చెప్పక్కర్లేదు.

బోటు పైన నీడ ఉంది కదా అని సన్‌స్క్రీన్ మానేయొద్దు. నీళ్ల మీద పడిన ఎండ కింద నుంచి కూడా కొడుతుంది. గాలికి చెమట వెంటనే ఆరిపోతుంది కాబట్టి ఒంట్లో నీరు తగ్గుతున్న సంగతే తెలియదు. దాహం వేసేదాకా ఆగకుండా గుక్కెడు గుక్కెడు తాగుతూ ఉండండి. టోపీకి గడ్డం కింద కట్టుకునే తాడు ఉండాలి, లేకపోతే అది కొలరాడో నదికే!

రాళ్ల మీద కనిపించే తెల్లటి చార, ఒకప్పుడు నీళ్లు అంత ఎత్తున నిలిచిన గుర్తు.