రాత్రి ఆపిన కంప్యూటర్ తెల్లారేసరికి ఆన్‌లో ఉంటే

మాది విశాఖలో ఎంవీపీ కాలనీ. ఇంట్లో కంప్యూటర్ మొరాయించిన ప్రతిసారీ మా పిన్ని "వైరస్ పట్టింది, ఫార్మాట్ కొట్టించెయ్" అంటుంది. ఆన్, ఆఫ్ దగ్గర వచ్చే తిక్కల్లో నాకైతే ఇప్పటిదాకా వైరస్ ఎదురుపడలేదు. ఫార్మాట్ జోలికి పోకముందు ఇవి చూడండి.

రోజూ షట్‌డౌన్ చేస్తున్నా నెమ్మదిస్తోంది, రీస్టార్ట్ చేస్తే బాగుంటోంది

విండోస్ 8 నుంచి షట్‌డౌన్ అంటే పూర్తిగా ఆగడం కాదు. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే, మనం తెరిచినవన్నీ మూసేసి, విండోస్ కెర్నల్‌నీ (దాని గుండెకాయ లాంటి భాగం), డ్రైవర్లనీ (పరికరాలను నడిపే ప్రోగ్రాములు) ఉన్నవి ఉన్నట్టే డిస్కులో దాచుకుంటుంది. పొద్దున్న ఆ మూటే విప్పుతుంది. నిన్న డ్రైవర్ దగ్గర వచ్చిన గొడవ ఇవాళా అలాగే ఉంటుంది. రీస్టార్ట్ మాత్రం అన్నీ మొదటినుంచి లోడ్ చేస్తుంది. టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్, సీపీయూ కింద అప్ టైమ్, అంటే ఎంతకాలంగా ఆగకుండా నడుస్తోందో చూడండి. ముందురోజు రాత్రే ఆపిన మా సిస్టమ్‌లో 19 రోజులని కనబడింది!

కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్ తెరిచి, పవర్ బటన్లు ఏం చేయాలో ఎంచుకునే పేజీలో ఫాస్ట్ స్టార్టప్ టిక్ తీసెయ్యండి. అది బూడిద రంగులో ఉండి కదలకపోతే, పైనున్న 'చేంజ్ సెట్టింగ్స్' లింకు ముందు నొక్కాలి. ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్కు బదులు వాడే వేగమైన డిస్కు) ఉన్నవాళ్లకు దీనివల్ల పోయేది కొన్ని సెకన్లే. పాత హార్డ్ డిస్కు వాళ్లు టిక్ ఉంచుకుని, అవసరమైనప్పుడు షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ నొక్కితే చాలు.

దానంతట అదే ఆన్ అవుతోంది

మీరు చేసింది షట్‌డౌనా, స్లీపా? స్లీప్ అయితే మౌస్ కదిలినా, నెట్‌వర్క్ కార్డు పిలిచినా లేస్తుంది. డివైస్ మేనేజర్‌లో ఆ పరికరం పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌కి వెళ్లి, కంప్యూటర్‌ను లేపే అనుమతి తీసెయ్యండి.

షట్‌డౌనే అయితే కరెంటును అనుమానించండి. కరెంటు పోయి వస్తే ఏం చేయాలన్న సెట్టింగ్ బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రాములో ఉంటుంది. అది 'పవర్ ఆన్' మీద ఉంటే ఎవరూ ముట్టుకోకుండానే లేస్తుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను తర్వాత రోజుల తరబడి చీకట్లో ఉండి, కరెంటు వచ్చిన రాత్రి మా పాత కంప్యూటర్ అందరికంటే ముందు లేచి కూర్చుంది. 'పవర్ ఆఫ్'కి మార్చాక మళ్లీ ఆ పని చేయలేదు.

షట్‌డౌన్ నొక్కగానే రీస్టార్ట్ అవుతోందంటే, మూసుకునేటప్పుడు ఏదో డ్రైవర్ కూలుతోందేమో చూడాలి. సిస్టమ్ ప్రాపర్టీస్‌లో, స్టార్టప్ అండ్ రికవరీ కింద ఆటోమేటిక్ రీస్టార్ట్ టిక్ తీస్తే విండోస్ కూలినప్పుడు వచ్చే నీలి తెర ఆగి, లోపం కోడ్ చూపిస్తుంది.

తేదీ తప్పు, సైట్లు తెరుచుకోవు

మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బటన్ సెల్ అయిపోయింది. ఎక్కువగా సీఆర్ 2032, 3 వోల్టులది. గోడ స్విచ్ ఆన్‌లో ఉన్నంతసేపూ బోర్డుకు అందే కరెంటే గడియారాన్ని నడుపుతుంది కాబట్టి, రాత్రిపూట స్విచ్ ఆపే జాగ్రత్తపరుల ఇళ్లలోనే ఈ లోపం బయటపడుతుంది. తేదీ తప్పితే సైట్ల సర్టిఫికెట్లు చెల్లవు, బ్రౌజర్ ఒప్పుకోదు. వాచీల షాపులో దొరికే సెల్లే, మార్చేయండి. మార్చాక బయోస్ సెట్టింగులు ఒకసారి సరిచూసుకోండి.

ఫ్యాన్ తిరుగుతుంది, తెర నల్లగానే ఉంటుంది

బీచ్‌కి దగ్గరున్న ఇళ్లలో కిటికీ గ్రిల్స్‌ను తినేసే ఉప్పుగాలి ర్యామ్ (మదర్‌బోర్డులో గుచ్చే మెమరీ పట్టీ) కాళ్లనీ వదలదు. ప్లగ్ పీకి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుని, ర్యామ్ తీసి, బంగారు రంగు కాళ్లను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్దండి. రబ్బరు పొడి దులిపి, టిక్కుమనేదాకా నొక్కి బిగించండి. రెండుంటే ఒక్కొక్కటే పెట్టి చూస్తే ఏది చెడిందో తెలుస్తుంది. కంప్యూటర్‌కు కరెంటు అందించే ఎస్ఎమ్‌పీఎస్ డబ్బా మాత్రం విప్పొద్దు. ప్లగ్ పీకాక కూడా లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది. దాని మీద అనుమానముంటే మెకానిక్ దగ్గర ఇంకోటి పెట్టించి చూడండి.